చంటికి ఎండ కావాలి

"పిన్నీ, ఈ అయిదు రోజులూ శాండీ బాధ్యత నీదే. చేయాల్సినవన్నీ కాగితం మీద రాసి ఫ్రిజ్‌కి అంటించాను. అందులో ఉన్నట్టు చేస్తే చాలు" అన్నాడు మా అక్క కొడుకు. పద్నాలుగేళ్ళవాడు పెద్ద ఆరిందాలా చెబుతుంటే నాకు నవ్వొచ్చింది. ఇద్దరు పిల్లల్ని పెంచాను. మామగారు మంచాన పడితే ఏడు నెలలు చూసుకున్నాను. జానెడు తొండని అయిదు రోజులు చూసుకోలేనా?

చూసుకోలేకపోయాను. అదే చెబుదామని ఇది రాస్తున్నాను.

2023 జూన్‌లో పిల్లల్ని మావారికీ అత్తగారికీ అప్పగించి, అమ్మను తీసుకుని అక్కయ్య ఇంటికి వెళ్ళాను. వాళ్ళుండేది అమెరికాలో అరిజోనా రాష్ట్రంలోని చాండ్లర్. ఫీనిక్స్ నగరాన్ని ఆనుకుని ఉంటుంది. కంప్యూటర్ చిప్‌లు తయారుచేసే కంపెనీలు అక్కడ ఉండటంతో మనవాళ్ళు బాగానే ఉన్నారు. అమెరికా అంటే మంచు అనుకునే నాకు అక్కడి ఎండ చూసి కళ్ళు తిరిగాయి. రెంటచింతల ఎండలు ఎరిగినదాన్నే! అయినా ఆ ఏడాది ఫీనిక్స్‌లో జూన్ ఆఖరు నుంచి జూలై ఆఖరు వరకూ వరుసగా 31 రోజులు 110 డిగ్రీల ఫారెన్‌హీట్ తగ్గలేదు. మన లెక్కలో 43 డిగ్రీల పైమాటే. మధ్యాహ్నం గడప దాటితే మొహానికి పెనం ఆవిరి కొట్టినట్టుండేది.

బయట అలా ఉంటే ఇంట్లో ఏసీ. ఆ చల్లటి ఇంట్లో, ఒక గదిలో, గాజుపెట్టెలో ఉండేది శాండీ. ఇసుకలో ఉంటుంది కనక మావాడు పెట్టిన పేరది. మా అమ్మ నోట్లో రెండు రోజులకే అది 'చంటి' అయిపోయింది.

తొండ కాదు పిన్నీ!

మొదటిసారి చూసినప్పుడు "ఇదేమిట్రా, మన దొడ్లో తిరిగే తొండని ఇంత భద్రంగా దాచారు" అన్నాను. వాడికి కోపం వచ్చింది. "తొండ కాదు పిన్నీ, ఎడారి ఇగువానా" అని పాఠం మొదలుపెట్టాడు.

అరిజోనా, కాలిఫోర్నియా, నెవాడా, యూటా ఎడారుల్లోనూ, వాటికి ఆనుకున్న మెక్సికోలోనూ ఉండే జీవి ఇది. బెయిర్డ్, గిరార్డ్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు 1852లో దీన్ని మొదటిసారి వర్ణించి రాశారు. శాస్త్రీయ నామం డిప్సోసారస్ డోర్సాలిస్. గ్రీకు భాషలో డిప్సా అంటే దాహం, సారస్ అంటే బల్లి. దాహపు బల్లి అన్నమాట! తోకతో కలిపి బాగా ఎదిగితే 40 సెంటీమీటర్లుంటుంది. అందులో సగానికి పైగా తోకే. లేత బూడిదరంగు ఒంటి మీద గోధుమరంగు వల పరిచినట్టు మచ్చలు, తోకకి గాజులు తొడిగినట్టు వలయాలు, వీపు మీద నడుమ రవ్వల గొలుసులా ఒక వరస పొలుసులు. చూడగా చూడగా ముద్దొచ్చింది నాకు.

అక్కడి ఎడారిలో క్రియోసోట్ అనే పొద ఉంటుంది. వాన పడితే ఆ పొద నుంచి ఒక ఘాటైన వాసన లేస్తుంది. దాని వేళ్ళ చుట్టూ పోగైన ఇసుకలో ఇది బొరియ చేసుకుంటుంది. వసంతంలో కొమ్మలెక్కి దాని పసుప్పచ్చ పూలు తింటుంది. మిగతా బల్లులన్నీ ఎండకి భయపడి నీడకు పోయే మిట్టమధ్యాహ్నం వేళ ఇది మాత్రం దర్జాగా తిరుగుతుంది. దాని ఒంటికి హాయి అనిపించే వేడి 38 నుంచి 42 డిగ్రీల సెల్సియస్. మనకి ఒళ్ళు అంత కాలితే ఆసుపత్రికి పరిగెత్తుతాం.

అది వీళ్ళ ఇంటికి చేరిన కథ మామూలుదే. మావాడి స్నేహితుడి కుటుంబం వేరే రాష్ట్రానికి మారిపోతూ, తీసుకెళ్ళలేక వదిలేసింది. మావాడు వారం రోజులు అన్నం మానేసి బావగారిని ఒప్పించాడట.

ఫ్రిజ్ మీద కాగితం

జూలై మొదట్లో సెలవులు కలిసొచ్చి వాళ్ళు శాండియాగో బయల్దేరారు. కారులో అయిదారు గంటలు కూర్చోలేనంది అమ్మ. తోడుగా నేనూ ఉండిపోయాను. వాళ్ళు వెళ్ళాక కాగితం తీరిగ్గా చదివాను.

పొద్దున్నే రెండు లైట్లూ వెయ్యాలి. ఒకటి వేడినిచ్చేది. దాని కింద రాయి మీద 115 నుంచి 120 డిగ్రీల ఫారెన్‌హీట్ ఉండాలి. మన లెక్కలో 46 నుంచి 49. పెట్టె రెండో చివర చల్లగా ఉండాలి. చల్లగా అంటే 85, అంటే మన 29! వేడి కావాలంటే ఇటు, చాలనుకుంటే అటు, అదే వెళుతుంది. మన ఒంట్లోలా దానికి లోపల పొయ్యి లేదు. బయటి వేడే దాని వేడి.

రెండోది పొడుగాటి ట్యూబ్‌లైటు. ఎండలో ఉండే యూవీబీ కిరణాల్ని ఇస్తుంది. అవి ఒంటికి తగిలితేనే దాని శరీరంలో విటమిన్ డి3 తయారవుతుంది. అదుంటేనే తిన్న కాల్షియం ఎముకలకి పడుతుంది. లేకపోతే దవడ మెత్తబడి, కాళ్ళు వంకర్లు పోతాయి. మన పిల్లలకి వచ్చే రికెట్స్ లాంటిదే. కిటికీ పక్కన పెడితే చాలదా అని నాకూ సందేహం వచ్చింది. కిటికీ అద్దం ఆ కిరణాల్ని లోపలికి రానివ్వదట. ఇంకో చిక్కేమిటంటే, ఆ ట్యూబు మామూలుగా వెలుగుతూనే ఉంటుంది గానీ కొన్నాళ్ళకి యూవీబీ తగ్గిపోతుంది. అందుకే ఆరు నెలలకో, ఏడాదికో మార్చేస్తారు. రాత్రికి రెండూ ఆర్పెయ్యాలి. ఎడారిలోనూ రాత్రి చల్లబడుతుంది కదా.

అడుగున అరడుగు లోతు ఇసుక. అందులో తవ్వుకుని పడుకోవడం దానికి అవసరం. ఇసుక మీద తిండి పెడితే ఆకులతో పాటు ఇసుకా మింగుతుంది కనక పళ్ళెంలోనే పెట్టాలి.

తిండి శుద్ధ శాకాహారం అనే చెప్పాలి. అప్పుడప్పుడూ ఓ పురుగు దొరికితే కాదనదు గానీ, అదే పనిగా పురుగులు పెట్టకూడదు. ఆవాకు, డాండెలియన్ ఆకు, కొలార్డ్ ఆకు సన్నగా తరిగి, గుమ్మడి తురిమి, రోజు విడిచి రోజు కాస్త కాల్షియం పొడి చల్లి పెట్టాలి. అన్నిటికన్నా ఇష్టం మందార పువ్వు. పాలకూర మాత్రం వద్దు. అందులోని ఆక్సలేట్లు కాల్షియాన్ని ఒంటికి పట్టనివ్వవు.

నీళ్ళు? చిన్న మూతలో పోసి పెడితే చాలు. దానికి కావలసిన తడి చాలావరకు ఆకుల్లోంచే వస్తుంది. చివర పెద్ద అక్షరాలతో రాశాడు: "పట్టుకోవద్దు. ఊరికే చూడు."

జలుబు చేసిందేమో!

మొదటిరోజు అమ్మ పిలిచింది. "ఒసే, చంటి తుమ్ముతోందే. జలుబు చేసింది. కాస్త వాము మూట కట్టి వాసన చూపిద్దామా?"

వెళ్ళి చూద్దును కదా, నిజంగానే తుమ్ముతోంది. గాజు మీద తెల్లటి పొడి చుక్కలు చుక్కలుగా పడి ఉంది. గుండె జారిపోయి వెంటనే ఫోన్ చేశాను. వాడు పడీపడీ నవ్వాడు. ఆకుల్లోంచి ఒంట్లోకి చేరిన లవణాల్ని అది నీళ్ళు ఖర్చు పెట్టకుండా బయటికి పంపే పద్ధతి అదేనట. ముక్కులో ఉప్పు గ్రంథులుంటాయి. అక్కడ ఊరిన ఉప్పునీరు ఆరి తెల్లటి పొడి అవుతుంది. దాన్ని తుమ్మి పారేస్తుంది. "ఎంత పొదుపరివే తల్లీ" అని అమ్మ మురిసిపోయింది.

నా జాలి

రెండోరోజు బయట 45 డిగ్రీలు. టీవీలో వడదెబ్బ జాగ్రత్తలు చెబుతున్నారు. గదిలోకి వెళ్ళి చూస్తే చంటి దీపం కింద రాయి మీద నోరు కొంచెం తెరిచి కూర్చుని ఉంది. నా ప్రాణం ఉసూరుమంది. ఇంత ఎండల్లో దీనికి మళ్ళీ దీపమా? చిన్నవాడు, వాడికేం తెలుసు?

వేడి లైటు ఆర్పేశాను. ట్యూబ్‌లైటు వెలుతురు చాలదా అనుకున్నాను. మూత తీసేసి వెడల్పాటి గిన్నెలో చల్లటి నీళ్ళు పెట్టాను. మొక్కలకి కొట్టే సీసాతో పెట్టెంతా నీళ్ళు చిలకరించాను. ఆవాకు చేదుగా ఉంటుందని ఫ్రిజ్‌లో ఉన్న లేత పాలకూర తరిగి పెట్టాను. 'అమ్మయ్య, ఇప్పుడు ప్రాణం హాయిగా ఉంటుంది' అనుకుని పడుకున్నాను. ఆ రోజు నేను ఎంత తృప్తిగా నిద్రపోయానో తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

మూడోరోజు పాలకూర పెట్టింది పెట్టినట్టే ఉంది. చంటి ఇసుకలో సగం కూరుకుని ఉంది. నాలుగోరోజూ అంతే. రోజూ తెల్లగా మెరిసే ఒళ్ళు మసిబారినట్టు నల్లబడింది. గాజు మీద వేలితో తడితే చివాల్న పరిగెత్తేది, ఒక్క కన్ను తెరిచి మళ్ళీ మూసుకుంది. నాకు కాళ్ళూ చేతులూ ఆడలేదు. రేపు వాడు వచ్చి ఏదని అడిగితే ఏం చెప్పను?

అమ్మ వచ్చి నా పక్కన నిలబడింది. ఒంటి నిండా శాలువా, కాళ్ళకి మేజోళ్ళు. కాసేపు దాన్నే చూసింది.

"దానికి చలేస్తోందేమోనే" అంది.

"చలేమిటమ్మా, ఈ ఎండల్లో!"

"ఎండ బయట ఉందే. అది లోపలుంది" అంది అమ్మ.

అప్పుడు చూశాను గోడ మీద ఏసీ అంకె. 74 ఫారెన్‌హీట్. 23 డిగ్రీలు. మనకి హాయి. 40 డిగ్రీల ఒంటితో బతకాల్సిన జీవికి అది గడ్డకట్టే చలి కింద లెక్క. చల్లబడితే అది ఎండ తాగడానికి ఒళ్ళు నల్లబరుచుకుంటుంది, వేడెక్కాక తెల్లబడుతుంది. వేడి లేకపోతే తిన్నది అరగదు. అందుకే తినడం మానేస్తుంది. గాలిలో చెమ్మ పెరిగితే ఊపిరితిత్తులకి జబ్బు. ఇవన్నీ ఆ రాత్రి ఫోన్‌లో మావాడు చెప్పాకే తెలిశాయి. వాడు తిట్టలేదు. గొంతు మాత్రం వణికింది. "పిన్నీ, లైటు వెయ్యి. నీళ్ళ గిన్నె తీసెయ్యి. తడి ఇసుక తీసేసి బస్తాలో ఉన్న పొడి ఇసుక పొయ్యి. దాన్ని కదిలించకు" అన్నాడు.

మర్నాడు పొద్దున్న లైటు వేసి, కుర్చీ వేసుకుని కూర్చున్నాను. ముప్పావుగంటకి ఇసుక కదిలింది. మెల్లగా పాక్కుంటూ రాయెక్కి పొట్ట ఆనించి పరుచుకుంది. మధ్యాహ్నానికి నలుపు విరిగి ఒళ్ళు తెల్లబడింది. సాయంత్రం వాళ్ళు వచ్చేసరికి మందార పువ్వుని రేక రేక లాక్కుని తింటోంది. మావాడు సామాను దించకుండానే దాని దగ్గరికి పరిగెత్తాడు. మర్నాడు సరీసృపాల వైద్యం తెలిసిన డాక్టరుకి చూపించాం. ఊపిరితిత్తులు బాగానే ఉన్నాయన్నాక గానీ నాకు అన్నం సహించలేదు.

జ్వరం తెచ్చుకునే బల్లి

ఆ తర్వాత పట్టుదలగా దీని గురించి చదివాను. ఒక సంగతి చదివి ఆశ్చర్యపోయాను.

జ్వరం అనేది మనలాంటి వేడినెత్తురు జీవులకే వస్తుందని చాలాకాలం అనుకునేవారు. 1974లో అమెరికాలోని మిచిగన్ విశ్వవిద్యాలయంలో మాథ్యూ క్లూగర్ బృందం ఈ ఎడారి ఇగువానాల ఒంట్లోకి సూక్ష్మజీవుల్ని ఎక్కించి, ఒక వైపు వేడి, ఒక వైపు చల్లదనం ఉన్న చోట వదిలారు. జబ్బుపడ్డవి మామూలు కంటే ఎక్కువ వేడి ఉన్న చోటికి నడిచి వెళ్ళి, ఒళ్ళు ఓ రెండు డిగ్రీలు పెంచుకున్నాయి. అంటే నడిచి వెళ్ళి జ్వరం తెచ్చుకున్నాయి! 1975లో జబ్బు ఎక్కించినవాటిని రకరకాల వేడిలో ఉంచి చూశారు. ఎక్కువ వేడిలో ఉన్నవి ఎక్కువగా బతికాయి. 1976లో జ్వరం తగ్గించే మందు ఇచ్చి చూస్తే, ఒళ్ళు వేడెక్కనివి చచ్చిపోయాయి. జ్వరం మన శత్రువు కాదు, ఒంటి పోరాటంలో భాగం కావచ్చు అని వైద్యులు ఆలోచించడానికి ఈ చిన్న ప్రాణి సాయపడిందన్నమాట. పిల్లల జ్వరానికి డాక్టరు చెప్పినట్టే చెయ్యండి, అది వేరే సంగతి. కానీ నేను ఆర్పేసిన దీపం దానికి ఇల్లూ, పొయ్యీ, మందూ కూడా అని తెలిశాక, ఇక నన్ను నేను ఏమనుకోవాలి?

పెంచాలని ముచ్చటపడే ముందు

అక్కడున్న మీ పిల్లలో, మనవలో ఇలాంటిది కావాలని మారాం చేస్తుంటే ఈ నాలుగు మాటలూ చెప్పండి.

అంగళ్ళలో అమ్మే ఎడారి ఇగువానాల్లో చాలామటుకు ఎడారిలో పట్టుకొచ్చినవే. బెదురు, పొట్టలో పురుగులు సహజం. దానికన్నా, పెంచలేక ఎవరైనా వదిలేసినదాన్ని తెచ్చుకోవడం మేలు. ఎడారికి వెళ్ళి సొంతంగా పట్టుకొద్దామనుకుంటే ఆ రాష్ట్ర వన్యప్రాణి శాఖ నిబంధనలు ముందు తెలుసుకోవాలి. కొన్నాళ్ళు పెంచి విసుగొచ్చి మళ్ళీ ఎడారిలో వదిలెయ్యడం అన్నిటికన్నా తప్పు. ఇంట్లో అంటుకున్న జబ్బులు అక్కడివాటికి పాకుతాయి.

ఇది పదేళ్ళ పైన బతికే జీవి. పిల్లవాడు కాలేజీకి వెళ్ళిపోతే ఆకులు తరగాల్సింది తల్లే! పెట్టె కనీసం నాలుగడుగుల పొడుగుండాలి, ఇంకా పెద్దదైతే మరీ మంచిది. వేడిని చేత్తో కాదు, థర్మామీటరుతో చూడాలి.

పైనుంచి చెయ్యి పెట్టి పట్టుకోకూడదు. ఎడారిలో పైనుంచి వచ్చేది గద్దే కదా. తోక పట్టుకుంటే తెంపుకుని పోతుంది. మళ్ళీ మొలుస్తుంది గానీ మునుపటి అందం రాదు.

బల్లిజాతి జీవుల ఒంటి మీద, మలంలో సాల్మొనెల్లా క్రిములు ఉండవచ్చు. ముట్టుకున్నాక సబ్బుతో చేతులు కడుక్కోవాలి. దాని గిన్నెలు వంటింటి సింకులో కడగకూడదు. అయిదేళ్ళలోపు పిల్లలు, బాగా పెద్దవాళ్ళు, ఒంట్లో శక్తి తగ్గినవాళ్ళు ఉన్న ఇంట్లో మరీ జాగ్రత్త. అమ్మను దూరం నుంచే కబుర్లు చెప్పమనేవాళ్ళం.

ఇది చదివి ఇక్కడ ఉడుమునో మరోదాన్నో తెచ్చి పెట్టెలో పెడదామనుకునేరు! 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం మన ఉడుమును పట్టడం, పెంచడం నేరం. దొడ్లో తిరిగే తొండని దొడ్లోనే చూసి ఆనందిద్దాం.

ఎవరికి ఎంత వేడి

వాళ్ళు తిరిగొచ్చిన రాత్రి నాకు నిద్రపట్టలేదు. అమ్మ శాలువా కళ్ళముందు కదులుతోంది. అక్కడికి వెళ్ళిన దగ్గర్నుంచి రోజూ తెల్లవారుజామునే లేచి పెరటి వరండాలో ఒక్కతే కూర్చునేది. "పొద్దుపోక" అనుకున్నాం. "వడదెబ్బ తగులుతుంది, లోపలికి రా" అని అక్కయ్యా నేనూ చెరోసారి కేకలేసేవాళ్ళం. కాఫీ గ్లాసు రెండు చేతులతో పట్టుకుని చాలాసేపు కూర్చునేది. "అమ్మ కాఫీ ఎంత ఇష్టంగా తాగుతుందో" అనుకున్నాం.

మర్నాడు పొద్దున్న నేనూ వెళ్ళి పక్కన కూర్చున్నాను. "అమ్మా, ఇంట్లో నీకు చలేస్తోందా?"

"మోకాళ్ళు పట్టేస్తున్నాయే రాత్రిళ్ళు" అంది. "వాళ్ళకి అలవాటు. పిల్లాడికి చల్లగా లేకపోతే నిద్రపట్టదు. నాలుగు రోజులుండి పోయేదాన్ని, ఇల్లంతా నాకోసం మార్చుకోమననా?"

అక్కయ్యకి చెబితే మొహం చిన్నబోయింది. "మన ఊళ్ళో ఏసీ లేక ఉడికిపోతోంది, ఇక్కడైనా చల్లగా ఉంటుందనే కదే నేను..." అని ఆగిపోయింది. దాని మాటలో తప్పేముంది? నేను చంటి దీపం ఆర్పింది కూడా అలాగే కదా.

ఆ రోజే బావగారు అమ్మ గదిలో ఏసీ గాలి వచ్చే రంధ్రం మూసేశారు. అక్కయ్య మందపాటి రజాయి కొనుక్కొచ్చింది. మావాడు తన దగ్గరున్న థర్మామీటర్లలో ఒకటి తెచ్చి అమ్మమ్మ మంచం పక్కన తగిలించాడు. "అమ్మమ్మా, నీకు ఎంతుంటే బాగుంటుందో చెప్పు, రాసిపెట్టుకుంటాను" అన్నాడు.

అమ్మ నవ్వి, "చంటికి పెట్టినంత వద్దులే నాయనా" అంది.